వెళ్లని ప్రయాణానికి కట్టిన డబ్బు ఎవరిది?

సంపాదకులు గారికి నమస్కారం.

నేను కాశీబుగ్గలో ఒక చిన్న జీడిపప్పు యూనిట్ నడుపుతున్నాను. పత్రికకు ఉత్తరం రాయడం ఇదే మొదటిసారి. కరోనా వల్ల ఆగిపోయిన ఒక ప్రయాణం గురించి, దానికి మేము కట్టిన లక్షా 29 వేల రూపాయల గురించి రాస్తున్నాను. వచ్చే నెలకి, అంటే 2022 మార్చికి, రెండేళ్లు నిండుతాయి. ప్రయాణం జరగలేదు, డబ్బూ రాలేదు. టూర్లకనీ, యాత్రలకనీ, పెళ్లి హాళ్లకనీ అడ్వాన్సులు కట్టి ఇలాగే ఉండిపోయినవాళ్లు మన జిల్లాలో ఇంకా చాలామంది ఉంటారు. వాళ్లకు కూడా ఉపయోగపడుతుందని కొంచెం వివరంగా రాస్తున్నాను. దయచేసి కుదించకుండా వేయండి.

మా అసలు ఊరు బారువ పక్కన. బ్రిటిష్ వాళ్ల కాలంలో బారువ ఒక రేవు. అక్కడ సముద్రంలో పాత స్టీమరు ఒకటి మునిగి ఉంది. వలలు దానికి తగులుకుని చిరిగిపోయేవని మా తాత చెప్పేవాడు. వీపున సిలిండర్ కట్టుకుని సముద్రం అడుగుకి దిగే స్కూబా డైవింగ్ వాళ్లు విశాఖ నుంచి వచ్చి దాన్ని చూసి వెళ్తున్నారని పేపర్లో చదివిన రోజు నాకు ఆ ఆశ పుట్టింది. అప్పటికి నా వయసు 46. మా తాత చెప్పిన ఓడని కళ్లారా చూడాలనిపించింది. 2019లో నేను, మా అమ్మాయి రుషికొండలో మొదటిసారి నీళ్లలోకి దిగాం. ఇన్‌స్ట్రక్టర్ చెయ్యి వదల్లేదు. నీళ్లు మసగ్గా ఉన్నాయి, కనిపించింది కూడా తక్కువే. అయినా పలాస చేరేదాకా రైల్లో ఇద్దరం ఆ కాసేపటి గురించే మాట్లాడుకున్నాం.

ఎవరో చెయ్యి పట్టుకుని తిప్పడం కాకుండా, ఒక తోడుతో సొంతంగా దిగాలంటే ఓపెన్ వాటర్ అనే కోర్సు చెయ్యాలి. మూడు నాలుగు రోజులు పడుతుంది. పూర్తిచేస్తే 18 మీటర్ల లోతు దాకా దిగడానికి సర్టిఫికెట్ ఇస్తారు. అండమాన్‌లో నీళ్లు తేటగా ఉంటాయి, నేర్చుకోవడానికి మంచిదని అందరూ చెప్పారు. అందుకని హేవ్‌లాక్ దీవికి బుక్ చేసుకున్నాం. ఇప్పుడు దాని పేరు స్వరాజ్ ద్వీప్. నేను, అమ్మాయి, మా అక్క కొడుకు, ముగ్గురం. కోర్సుకి మనిషికి 26 వేల చొప్పున 78 వేలు, రెండు రూములు ఏడు రాత్రులకి 42 వేలు, పోర్ట్ బ్లెయిర్ నుంచి ఫెర్రీకి రానుపోను 9 వేలు. ఇదంతా ఒక ట్రావెల్ ఏజెంటు ద్వారా. విమానం టికెట్లు మాత్రం నేనే కంపెనీ వెబ్‌సైట్లో విడిగా కొన్నాను.

తేదీలు ఎంచుకోవడానికి మాకో కారణం ఉంది. అమ్మాయి ఏప్రిల్ 13న కొత్త ఉద్యోగంలో చేరాలి. నాకేమో జీడిపిక్కల సీజన్ ఊపందుకునే లోపు వచ్చెయ్యాలి. ఆ ఏడు, 2020లో, ఉగాది మార్చి 25. పండగ చేసుకుని 27న బయలుదేరి ఏప్రిల్ 3కి తిరిగి రావాలని అనుకున్నాం. జనవరిలో సగం డబ్బు, అంటే 64,500 కట్టాను. మిగతా సగం మార్చి 10న కట్టాను. ఆ మర్నాడే ప్రపంచ ఆరోగ్య సంస్థ కరోనాని మహమ్మారిగా ప్రకటించింది.

ఆ తర్వాత రెండు వారాలు ఏం జరిగిందో చెప్పాలి. నేను ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణం ఆ రెండు వారాలే.

రసీదు వెనకాల షరతులు ఉన్నాయి. ప్రయాణానికి 15 రోజుల ముందు మానుకుంటే సగం తిరిగి ఇస్తారు. ఏడు రోజుల కంటే తక్కువ ఉంటే ఏమీ ఇవ్వరు. మధ్యలో అయితే పావు వంతు. మార్చి 16న నేను ఏజెంటుకి ఫోన్ చేశాను. అండమాన్‌లో 26వ తేదీ దాకా బీచ్‌లు, వాటర్ స్పోర్ట్స్ మూసేశారని విన్నాను, మా సంగతి ఏమిటని అడిగాను. "26 దాకానే కదా సార్, మీరు 27న కదా బయలుదేరేది. అండమాన్‌లో ఒక్క కేసు కూడా లేదు. ఇంకో నాలుగు రోజులు చూద్దాం" అన్నాడు. అప్పటికి 11 రోజులుంది. ఆ రోజు మానుకుంటే పావు వంతైనా వచ్చేది. నాలుగు రోజులు ఆగి 20న చేస్తే, "చూస్తున్నాం సార్, పైనుంచి ఆర్డర్ రావాలి" అన్నాడు. 21న చేస్తే, "ఇప్పుడు మీరు క్యాన్సిల్ చేస్తే షరతుల ప్రకారం ఏమీ రాదు సార్. మేం క్యాన్సిల్ చేస్తే ఆలోచిస్తాం" అన్నాడు. మరి మీరు ఎప్పుడు క్యాన్సిల్ చేస్తారంటే జవాబు లేదు. 22న జనతా కర్ఫ్యూ. 24 రాత్రి ప్రధానమంత్రి లాక్‌డౌన్ ప్రకటించారు. అదే అర్ధరాత్రి నుంచి దేశంలో విమానాలు ఆగిపోయాయి. చివరికి మేమూ క్యాన్సిల్ చెయ్యలేదు, వాళ్లూ చెయ్యలేదు. ప్రభుత్వం అందరినీ ఇళ్లలో ఉండమంది. అయినా వాళ్ల పుస్తకంలో మేము "రాలేదు" అని రాసి ఉందని తర్వాత తెలిసింది.

ఆ మొదటి రోజుల్లో నేను గట్టిగా అడగలేదు. మన తీరం మత్స్యకారులు వేల మంది గుజరాత్‌లోని వీరావల్‌లో బోట్లలోనే చిక్కుకుపోయి, తిండికి ఇబ్బంది పడుతూ ఫోన్లలో ఏడుస్తున్నారు. మా ఊరి కుర్రాళ్లు కూడా అందులో ఉన్నారు. బస్సుల్లో వాళ్లు ఇళ్లకి చేరేసరికి ఏప్రిల్ దాటిపోయింది. నా యూనిట్లో 14 మంది ఆడవాళ్లు పప్పు ఒలిచే పని, గ్రేడింగ్ పని చేస్తారు. యూనిట్ మూతపడ్డా వాళ్లకి వారం వారం ఎంతో కొంత ఇవ్వాలి. అలాంటి రోజుల్లో సముద్రంలో చేపలు చూడ్డానికి కట్టిన డబ్బు గురించి మాట్లాడడానికి నోరు రాలేదు. అది పొరపాటని ఇప్పుడు అనుకుంటున్నాను. అడగాల్సింది అప్పుడే, కాగితం మీద.

విమానం డబ్బు సంగతి చూడండి. 2020 అక్టోబర్ 1న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. లాక్‌డౌన్‌కి ముందు టికెట్ కొన్నవాళ్లకి కంపెనీ 15 రోజుల్లో డబ్బు తిరిగి ఇవ్వాలి. ఇవ్వలేని స్థితిలో ఉంటే క్రెడిట్ షెల్, అంటే ఆ డబ్బు మేరకు తర్వాత టికెట్ కొనుక్కునే జమ, ఇవ్వాలి. దాన్ని 2021 మార్చి 31 లోపు ఏ రూటుకైనా వాడుకోవచ్చు, ఇంకొకరికి ఇచ్చెయ్యొచ్చు. ఆలస్యానికి 2020 జూన్ దాకా నెలకి అర శాతం, ఆ తర్వాత నెలకి ముప్పావు శాతం కలపాలి. గడువులోపు వాడకపోతే నగదు ఇవ్వాలి. మా ముగ్గురి టికెట్ల డబ్బు ఆ ప్రకారమే, ఆ కొద్దిపాటి అదనంతో సహా, నా ఖాతాలో పడింది. నేను ఎవరినీ బతిమాలలేదు. ఒకే ప్రయాణం, ఒకే కారణం, ఒకే తేదీ. గాలిలో వెళ్లే భాగానికి నియమం ఉంది, నీళ్లలోకి దిగే భాగానికి లేదు. ఫెర్రీకి, రూముకి, కోర్సుకి ఎవరి ఇష్టం వాళ్లది.

ఏజెంటుని అడిగితే డబ్బు అండమాన్‌లో డైవ్ సెంటర్ దగ్గర ఉందన్నాడు. డైవ్ సెంటర్‌కి మెయిల్ పెడితే, ఏజెంటు మాకు పంపింది కొంతే, మిగతాది ఆయన్నే అడగండి అన్నారు. ఎంత పంపారో చెప్పమంటే అది మా ఇద్దరి మధ్య లెక్క అన్నారు. మొత్తం కట్టిన నాకు ఆ లెక్క చూసే హక్కు లేదా? చివరికి 2020 ఆగస్టులో ఏజెంటు పేరుతో ఒక వోచర్ వచ్చింది. 2021 డిసెంబర్ 31 లోపు వాడుకోవాలి, పేర్లు మార్చకూడదు, నగదు అడగకూడదు. నాకు వోచర్ కావాలా, డబ్బు కావాలా అని ఎవరూ అడగలేదు.

డైవింగ్ పని చేసే కుర్రాళ్ల మీద నాకు కోపం లేదు. కోర్సు ముందు మాతో ఫోన్లో మాట్లాడిన ఇన్‌స్ట్రక్టర్ ఒకడు జీతం లేక ఇంటికి వెళ్లిపోయి, ఏడాది పాటు ఏ పని దొరికితే ఆ పని చేశాడు. బోట్లు ఒడ్డున ఉన్నా ఇంజన్లు పాడవకుండా చూసుకోవాలి, కంప్రెసర్లు, సిలిండర్లు చూసుకోవాలి. మేము థియరీ చదువుకోవడానికి ఆన్‌లైన్ కోడ్ ఇచ్చారు, దానికి వాళ్లు ముందే డబ్బు కట్టి ఉంటారు. మేము ముగ్గురం లాక్‌డౌన్‌లో ఆ పాఠాలు చదివాం కూడా. ఆ ఖర్చు మినహాయించుకోమనండి, బిల్లు చూపించమనండి, నేను సంతకం పెడతాను. జరగని కోర్సుకి, పడుకోని మంచానికి, ఎక్కని ఫెర్రీకి మొత్తం డబ్బు ఉంచేసుకోవడమే నాకు అర్థం కావడం లేదు.

వోచర్ ఇచ్చారు కదా, వాడుకోలేకపోయావా అని మీ పాఠకులు అడగొచ్చు. 2020 చివర్లో అండమాన్ తెరిచారు, ఆర్టీపీసీఆర్ నెగిటివ్ రిపోర్టు ఉంటే రానిచ్చారు. కానీ మా అమ్మకి 78 ఏళ్లు, షుగర్ ఉంది. వెళ్లి వచ్చి ఆవిడకి అంటిస్తే? అమ్మాయికి కొత్త ఉద్యోగం, సెలవు లేదు. ఏప్రిల్ దాటాక చూద్దామనుకున్నాం. ఏప్రిల్‌లో రెండో వేవ్ వచ్చింది. 2021 మేలో నాకు వచ్చింది. ఊపిరితిత్తులు ఎంత దెబ్బతిన్నాయో చెప్పే సీటీ స్కోరు 25కి 11. తొమ్మిది రోజులు ఆసుపత్రిలో ఉన్నాను, అందులో నాలుగు రోజులు ఆక్సిజన్ మీద. దేవుడి దయ వల్ల బయటపడ్డాను.

ఇక్కడ డైవింగ్ గురించి ఒక మాట చెప్పాలి. చాలామంది ఆ సిలిండర్లో ఆక్సిజన్ ఉంటుందనుకుంటారు. ఉండేది మనం పీల్చే మామూలు గాలే, గట్టిగా కుదించి నింపుతారు. పది మీటర్ల లోతులో ఒత్తిడి పైన ఉన్నదానికి రెండింతలు. అక్కడ నిండా పీల్చిన గాలి పైకి వచ్చేసరికి రెండింతలుగా పెరుగుతుంది. ఊపిరి బిగపట్టకుండా మెల్లగా వదులుతూ పైకి రావాలి. ఊపిరితిత్తుల్లో ఎక్కడైనా దెబ్బతిన్న చోట గాలి చిక్కుకుపోతే ఆ చోటు చిట్లిపోయే ప్రమాదం ఉంది. అందుకే కోవిడ్ న్యుమోనియా వచ్చినవాళ్లు డాక్టర్ పరీక్ష చేసి సరేనంటేనే దిగాలి. డైవింగ్‌కి ముందు నింపే ఆరోగ్య పత్రంలో అబద్ధం రాయడానికి లేదు, రాయకూడదు కూడా. సెప్టెంబర్‌లో విశాఖలో ఛాతీ డాక్టరు గారికి చూపించుకున్నాను. ఊపిరి బలం కొలిచే స్పైరోమెట్రీ చేసి, నడిపించి, ఎక్స్‌రే తీసి, "ఇప్పుడే వద్దండీ, మరో ఏడాది ఆగి చూద్దాం" అన్నారు. ఆయన కాగితం మీద రాసిచ్చారు.

ఆ కాగితం జతచేసి మెయిల్ పెట్టాను. నా బదులు అమ్మాయి స్నేహితురాలిని పంపిస్తాను, పేరు మార్చండి అన్నాను. కుదరదన్నారు. గడువు ఇంకో ఏడాది పెంచండి అన్నాను. చూస్తామన్నారు. 2022 జనవరి 3న ఒక్క వాక్యం వచ్చింది. వోచర్ గడువు ముగిసిందట. అప్పటికి దేశంలో మూడో వేవ్ మొదలైపోయింది.

నాది అడ్వాన్సుల మీద నడిచే వ్యాపారం. ఇచ్చేవాడినీ నేనే, పుచ్చుకునేవాడినీ నేనే. 2018 సెప్టెంబర్‌లో వజ్రపుకొత్తూరు, మందస వైపు 11 మంది రైతులకి వచ్చే సీజన్ పిక్కల కోసం 3 లక్షల 40 వేలు ఇచ్చాను. అక్టోబర్ 11న తిత్లీ తుపాను వచ్చింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు ఎలా పడిపోయాయో మన జిల్లా వాళ్లకి నేను చెప్పక్కర్లేదు. వేళ్లతో సహా లేచిపోయాయి. ఆ రైతులు నాకు పిక్కలు ఇవ్వలేరు, అది వాళ్ల తప్పు కాదు. నేను వాళ్లని వెంటనే డబ్బు అడగలేదు. కానీ వాళ్లలో ఒక్కరు కూడా గడువు దాటింది, నీ డబ్బు పోయింది అనలేదు. నలుగురు పరిహారం రాగానే తెచ్చి ఇచ్చారు. ముగ్గురు తర్వాతి సీజన్లలో బస్తాల లెక్కన తీర్చారు. 80 కిలోల బస్తాకి ఆ రోజు మార్కెట్ ధరే కట్టాను, అడ్వాన్స్ ఉంది కదా అని ఒక్క రూపాయి తగ్గించలేదు. ఒక ముసలాయన నన్ను సంతలో ఎప్పుడు చూసినా దగ్గరికి వచ్చి, "నీ డబ్బులు నా కాడున్నాయి బాబూ, మర్చిపోనేదు" అనేవాడు. 2021 సంక్రాంతికి ఇంటికి వచ్చి 18 వేలు చేతిలో పెట్టి వెళ్లాడు. నాకు డబ్బు పంపిన విజయవాడ షాపుల వాళ్లకి నేనూ అలాగే తిరిగి పంపాను, పప్పు లేనప్పుడు. దీనికి మేం ఎవరం కాగితాలు రాసుకోలేదు.

అయినా నా పోరాటం ఆ మంచితనం మీద ఆధారపడి లేదు. మా తోడల్లుడు టెక్కలిలో ప్లీడరు. ఆయన చెప్పిందేమిటంటే, మన కాంట్రాక్టు చట్టం 1872 నాటిది, అందులో 56వ సెక్షన్ ప్రకారం ఒప్పందం చేసుకున్నాక ఆ పని చెయ్యడం అసాధ్యమైనా, చట్టవిరుద్ధమైనా ఆ ఒప్పందం చెల్లదు. 65వ సెక్షన్ ప్రకారం అలా చెల్లకుండా పోయిన ఒప్పందం కింద లాభం పొందినవాళ్లు దాన్ని తిరిగి ఇవ్వాలి, లేదా పరిహారం ఇవ్వాలి. 2020 మార్చి 27న విశాఖ నుంచి విమానమెక్కడం ఎవరికీ సాధ్యం కాదు. రసీదు వెనక ఏం అచ్చువేసుకున్నా ఆ సంగతి మారదు.

2020 జూలై 20 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త వినియోగదారుల చట్టం ప్రకారం మనం ఉండే జిల్లాలోనే కేసు వెయ్యొచ్చు. ఏజెంటు ఏ ఊళ్లో ఉన్నా, డైవ్ సెంటర్ ఏ దీవిలో ఉన్నా మనం శ్రీకాకుళం జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తే చాలు. 5 లక్షల లోపు విలువకి ఫీజు లేదు. లాయరు లేకుండా మనమే వాదించుకోవచ్చు. మామూలుగా రెండేళ్లలోపు వెయ్యాలి. కానీ కరోనా కారణంగా 2020 మార్చి 15 నుంచి 2022 ఫిబ్రవరి 28 దాకా ఉన్న కాలాన్ని గడువు లెక్కలోకి తీసుకోవద్దని 2022 జనవరి 10న సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి ఈ 2022లో రెండేళ్లయిపోయిందిలే అని ఎవరూ వదులుకోవద్దు. మీ రసీదు, మెయిళ్లు, వాట్సాప్ మెసేజ్‌లు, బ్యాంకు స్టేట్‌మెంట్ తీసి ఒకచోట పెట్టుకోండి. నేను ఫోన్లో మాట్లాడినవి రికార్డు చెయ్యలేదు, ఇప్పుడు ఆ 16వ తేదీ మాటకి నా దగ్గర సాక్ష్యం లేదు. ఫోన్లో మాట్లాడాక అదే విషయం మెసేజ్‌లో ఒకసారి రాసి పంపండి. ఆ పని చేసి ఉంటే నాకీ టెన్షన్ సగం తగ్గేది.

టూరిజం, వినియోగదారుల శాఖల వాళ్లు ఈ ఉత్తరం చదివితే వాళ్లకి నా మనవి ఒక్కటే. విమానాలకి పెట్టిన నియమాన్ని టూర్ ప్యాకేజీలకి కూడా పెట్టండి. ప్రభుత్వమే ప్రయాణాలు ఆపినప్పుడు ఎవరు ముందు క్యాన్సిల్ చేశారన్న ప్రశ్న రాకూడదు. డబ్బు కావాలో వోచర్ కావాలో కట్టినవాడు చెప్పాలి. చిన్న డైవ్ సెంటర్లు ఒక్కసారి ఇవ్వలేకపోతే వాయిదాల్లో ఇవ్వనివ్వండి, నేనైతే ఏడాది ఆగడానికి కూడా సిద్ధమే. వోచర్ తీసుకుంటే పేరు మార్చుకోనివ్వాలి, గడువు తీరితే నగదు రావాలి. ప్రయాణం మొదలయ్యేదాకా కస్టమర్ డబ్బుని ఏజెంటు వేరే ఖాతాలో ఉంచాలి, ఎవరికి ఎంత పంపాడో రసీదు మీదే రాయాలి. రుషికొండలో డైవ్ సెంటర్లు ఇప్పటికే ఉన్నాయి, రేపు బారువలో, విజయనగరం తీరంలోని చింతపల్లిలో డైవింగ్ పెరిగితే మన కుర్రాళ్లకే పని దొరుకుతుంది. ఆ వ్యాపారం పెరగకముందే ఈ పద్ధతి వస్తే వాళ్లకీ మంచిది, ధైర్యంగా అడ్వాన్స్ కట్టేవాళ్లు దొరుకుతారు.

2022 మార్చి 7, సోమవారం నేను కాగితాలు తీసుకుని పలాసలో రైలెక్కి ఆమదాలవలసలో దిగి శ్రీకాకుళం వెళ్తున్నాను. జనవరి 2020 రసీదు, మార్చి 10 నాటి రసీదు, వోచర్, డాక్టరు గారి కాగితం, జనవరి 3 నాటి మెయిల్, వాటన్నిటికీ మూడేసి జిరాక్స్ కాపీలు. ఇదే ఏజెంటు విషయం కాకపోయినా, ఇలాంటి డబ్బే రావాల్సినవాళ్లు మన జిల్లాలో ఎవరైనా ఆ రోజు అక్కడికి వస్తే, నేను ఉదయం పదిన్నర నుంచి కమిషన్ ఆఫీసు దగ్గరే ఉంటాను.

ఇట్లు,
ఒక జీడిపప్పు వ్యాపారి,
కాశీబుగ్గ, శ్రీకాకుళం జిల్లా.